వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ రాదేం?

(తెర మీద లాప్‌టాప్. కింది మూలన వైఫై గుర్తు, గీతలన్నీ నిండుగా.)

నమస్తే అండీ. మొన్న హనుమకొండ నయీంనగర్‌లో మా చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడికి గంటలో ఆన్‌లైన్ పరీక్ష. "వైఫై ఫుల్లుగానే ఉందన్నా, నెట్టే వస్తలేదు" అని ఒకటే టెన్షన్. అప్పటికే రూటర్‌ని మూడుసార్లు ఆపి వేశాడు. ఇక పిన్నీసు పట్టుకుని రీసెట్ బొక్కలో పొడవబోతుంటే ఆపాను. రీసెట్ చేస్తే నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన సెట్టింగులు కూడా పోవచ్చు. అప్పుడు ఒక సమస్యకి రెండవుతాయి.

ఆ గీతలు లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య సంగతే చెబుతాయి. రూటర్ అవతల వైరు తెగినా అవి నిండుగానే ఉంటాయి. అందుకే ముందు తేల్చాల్సింది తప్పు రూటర్‌కి ఇవతలా, అవతలా అని.

(తెర మీద నల్ల విండో.)

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ నొక్కండి, ఈ నల్ల విండో వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని టైప్ చేసి ఎంటర్ కొడితే, వైఫై భాగంలో డిఫాల్ట్ గేట్‌వే కనిపిస్తుంది. అదే మీ రూటర్ అడ్రస్. మా తమ్ముడి వాళ్లది 192.168.1.1. మీ లాప్‌టాప్ అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఆ వైఫైని ఫర్‌గెట్ చేసి మళ్లీ కలపండి.

ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ గేట్‌వే అడ్రస్. అవతలిది పలుకుతుందో లేదో చూసేదే పింగ్. మాకు నాలుగుకి నాలుగు జవాబులు వచ్చాయి, ఒక్కోటి 3 మిల్లీసెకన్లలో. అంటే వైఫై తప్పేం లేదు. తర్వాత 8.8.8.8కి పింగ్ చేశాం. ఇది గూగుల్ డీఎన్ఎస్ అడ్రస్, అంటే వెబ్‌సైట్ పేరు చెబితే దాని నంబర్ అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే జవాబు లేదు, నాలుగుసార్లూ అదే. తప్పు రూటర్ అవతలే అనిపించింది. రూటర్ దగ్గరికెళ్లి చూస్తే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది, ఫైబర్‌లో వెలుతురు రావట్లేదన్నమాట. డాబా ఎక్కితే వైరు తెగి వేలాడుతోంది. కోతుల పనే. మన హనుమకొండ వాళ్లకి కొత్తగా చెప్పాలా!

8.8.8.8 పలికి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అనుమానం డీఎన్ఎస్ మీద. వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్‌ని 8.8.8.8గా మార్చి చూడండి.

అసలు గేట్‌వేనే సరిగ్గా పలక్కపోతే? అప్పుడు తప్పు ఇంట్లోనే. పింగ్ కొట్టేటప్పుడు గేట్‌వే అడ్రస్ తర్వాత స్పేస్ ఇచ్చి, హైఫన్ టీ (-t) కలిపితే అది ఆగకుండా నడుస్తుంది. లాప్‌టాప్ పట్టుకుని గది గదీ తిరగండి. మా ఇంట్లో హాల్లో 4 మిల్లీసెకన్లు ఉన్నది బెడ్రూంలోకి రాగానే 200 దాటింది. రూటర్‌ని ఇనుప బీరువా వెనక సజ్జ మీద దాచారు మరి! నాలుగడుగులు ఇవతలికి తెచ్చాక దిగింది. గోడలు ఎక్కువుంటే, మీ రూటర్‌లో రెండు రకాల వైఫై ఉంటే 5 గిగాహెర్ట్జ్ దాని బదులు 2.4 దానికి కలపండి, వేగం తగ్గినా దూరం వస్తుంది.

తమ్ముడు పరీక్ష నా ఫోన్ హాట్‌స్పాట్ మీద రాశాడు. లైన్‌మన్ మర్నాడు వచ్చాడు.