రెమ్కో వచ్చాడు, మరి లిపోవిట్జ్ సంగతేంది?

హోస్ట్: అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. నిన్న సాయంత్రం అన్నా, నేనూ మైపాడు దాకా తొక్కాం. సముద్రం గాలి ఎదురు కొట్టి ప్రాణం తీసింది. దారిపొడవునా ఒకటే మాట: 2026 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో రెడ్ బుల్ జట్టు ఏం చేస్తుంది? అన్నా, నువ్వే మొదలుపెట్టు.

అతిథి: నాకు ఆశ గట్టిగానే ఉంది తమ్ముడూ. రెమ్కో ఎవెనెపూల్ లాంటివాడు జట్టు మారి రెడ్ బుల్‌కి రావడం చిన్న విషయం కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో అందరూ కలిసి తొక్కే రోడ్ రేసు, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్, రెండింట్లోనూ స్వర్ణం. 2022లో స్పెయిన్ మూడు వారాల రేసు వుయెల్టా గెలిచాడు. 2024 టూర్‌లో మూడో స్థానం.

హోస్ట్: రువాండాలో, కిగాలీ టైమ్ ట్రయల్ మర్చిపోయావా?

అతిథి: ఎట్లా మర్చిపోతాను! 2025 ప్రపంచ పోటీలు. రెండున్నర నిమిషాల ముందు బయలుదేరిన పొగాచార్‌ని, అదే 2025 టూర్ గెలిచినవాణ్ని, దారిలోనే అందుకుని దాటేశాడు. పొగాచార్‌ని అట్లా వెనక్కి నెట్టినవాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. అయితే కొద్దిరోజులకే అదే ఊళ్లో రోడ్ రేసు పెడితే పొగాచార్ గెలిచాడు, రెమ్కో రెండో స్థానం. ఒంటరిగా గడియారంతో పోటీ అంటే రెమ్కోది. కొండలు వరసగా వచ్చాయంటే పొగాచార్‌ది.

హోస్ట్: మరి టూర్ బార్సిలోనాలో జట్టు టైమ్ ట్రయల్‌తో మొదలవుతోంది గదా. అది మనోడికి కలిసొస్తుందా?

అతిథి: వస్తుంది. 20 కిలోమీటర్ల లోపే, చివర్లో మోంజుయిక్ కొండ ఎక్కాలి. నిన్న మైపాడు రోడ్డులో మనం ఏం చేశాం? నువ్వు కాసేపు ముందు, నేను కాసేపు ముందు. వెనక ఉన్నవాడికి గాలి తగలదు, ఊపిరి దక్కుతుంది. అక్కడ ఎనిమిది మంది అదే పని చేస్తారు. ఈసారి ఎవరి టైమ్ వాళ్లకే లెక్క. కాబట్టి మిగతావాళ్లు గాలిని కాసి, ఆ ఎక్కుడు మొదట్లో రెమ్కోని వదిలేస్తే చాలు. మొత్తం టైమ్‌లో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీని తొలిరోజే వేసుకున్నా నేను ఆశ్చర్యపోను.

హోస్ట్: నాకు టెన్షన్ అంతా లిపోవిట్జ్ గురించే. రెడ్ బుల్‌కి 2025 టూర్‌లో మూడో స్థానం తెచ్చినవాణ్ని పక్కన పెడితే ఎట్లా?

అతిథి: పక్కన పెట్టకూడదు. ఒకప్పుడు బయాథ్లాన్ ఆడిన కుర్రాడు, మంచులో స్కీలు, తుపాకీ. ఆ టూర్‌లోనే రెమ్కో పద్నాలుగో స్టేజ్‌లో, అంటే పద్నాలుగో రోజు రేసులో, టూర్మలే కొండ ఎక్కుతూ తప్పుకున్నాడు. లిపోవిట్జ్ మాత్రం మూడు వారాలూ నిలబడ్డాడు. నిజమే, పొగాచార్‌కి 11 నిమిషాలు వెనకబడ్డాడు. కానీ మూడో వారంలో కాళ్లు నిలవడం వేరే విద్య.

హోస్ట్: అంటే నాయకుడు ఎవరో ముందే చెప్పొద్దంటావు.

అతిథి: చెప్పొద్దు. ఇద్దరూ టూర్‌కి వస్తే ఇద్దరినీ దగ్గర దగ్గరగా ఉంచాలి. ఒకడు ముందుకు పోతే పొగాచార్ తరమాలి, రెండోవాడు గాలి తగలకుండా పొగాచార్ చక్రం వెనకే పట్టుకుని కూర్చుంటాడు. ఒక్క నాయకుడితో ఈ ఆట ఆడలేం. 2023లో వింగెగార్, కుస్, రోగ్లిచ్ ఒకే జట్టులో ఉండి వుయెల్టాలో మొదటి మూడు స్థానాలూ పట్టేశారు. రోగ్లిచ్ ఇప్పుడు రెడ్ బుల్‌లోనే ఉన్నాడు, అడిగితే చెప్తాడు.

హోస్ట్: టూర్ చివర్లో ఆల్ప్ ద్యుయెజ్ కొండ వరసగా రెండురోజులు. అక్కడేమవుద్ది?

అతిథి: మొదటిరోజు 21 మలుపుల దారి. రెండోరోజు క్రుఆ ద ఫేర్, 2,642 మీటర్ల గాలిబియే కనుమలు దాటుకుని వెనకవైపు నుంచి ఎక్కడం. మనం నరసింహకొండ ఒక్కసారి ఎక్కి కూలబడతాం. ఆ రెండోరోజు రెమ్కో నిమిషాలు పోగొట్టుకుంటాడని నా భయం. పొగాచార్ బాగుంటే మొదటి స్థానం దక్కదు. మొదటి ముగ్గురు నిలబడే పోడియం మీద మాత్రం రెడ్ బుల్ వాడొకడు ఉంటాడు. నా లెక్కలో అది లిపోవిట్జ్.

హోస్ట్: నేను రెమ్కో అంటున్నా.

అతిథి: సరే, జులై 24, 25 సాయంత్రాలు మా ఇంటికి వచ్చెయ్. పక్కపక్కన కూర్చుని చూద్దాం.