ఎక్కేటప్పుడు లేని స్ప్రింగ్

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ టెలీమార్క్ స్కీ బూటు ముందు చూడండి. మొన దగ్గర రెండు పక్కలా పెన్సిల్ మొన దిగేంత చిన్న గుంటలున్నాయి, లోపల ఉక్కు. వేళ్లు మడిచే చోట ప్లాస్టిక్ హార్మోనియం తిత్తిలా ముడతలు పడి ఉంది. తిరగేస్తే అరికాలి వంపు కింద చిన్న మెట్టు కనిపిస్తుంది. దాన్ని రెండో మడమ అంటాం. ఈరోజు నేను చెప్పేదంతా ఈ మూడు చోట్ల చుట్టూనే తిరుగుతుంది.

మామూలు ఆల్పైన్ స్కీయింగ్‌లో కొండ దిగేటప్పుడు మడమను స్కీకి బిగించేస్తారు. టెలీమార్క్‌లో బిగించరు. మలుపు తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకు వెళ్తుంది, రెండోది వెనక్కి జరిగి మోకాలు వంగుతుంది, మడమ లేస్తుంది. ఆ వెనక కాలి మీద కూడా దాదాపు సగం బరువు నిలపడమే ఈ విద్యలో అసలు కష్టం. బరువు పడకపోతే వెనక స్కీ కట్టు తెగిన పడవలా ఎటో పోతుంది. అందుకే బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే అమరికలో, స్ప్రింగ్ ఉంటుంది. మడమ లేచేకొద్దీ అది బిగుసుకుంటూ, వేళ్ల వెనకున్న భాగాన్ని, అంటే మునిపాదాన్ని, స్కీ మీదికి అదుముతుంది.

ఇక కొండ ఎక్కడానికి వద్దాం. స్కీల అడుగున స్కిన్లు, అంటే వెనక్కి జారనివ్వని పట్టీలు, అంటించుకుని, స్కీని మంచు మీద ఈడ్చుకుంటూ నడుస్తాం. దిగేటప్పుడు ప్రాణంలా చూసుకున్న స్ప్రింగే ఇక్కడ అడుగడుగునా మడమను కిందికి లాగుతుంది. గంటల తరబడి దానితో కుస్తీ పట్టాలి.

తేలికైన టెలీమార్క్ బైండింగ్ అనగానే అందరూ తూకం గురించే అడుగుతారు. గ్రాములు తగ్గించడం అంత పెద్ద సమస్య కాదని నా నమ్మకం. ఎక్కేటప్పుడు స్ప్రింగ్ పూర్తిగా మాయమవ్వాలి, దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రావాలి. కష్టమంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు చాలా పాతది. నార్వేలోని టెలీమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే ఊళ్లో 1825లో పుట్టిన సోండ్రే నోర్‌హైమ్, మెలిపెట్టిన చెట్టు వేళ్లను మడమ చుట్టూ కట్టుకుని స్కీయింగ్ చేశాడు. మడమ లేస్తుంది, కానీ కాలు స్కీ మీద నుంచి పక్కకు జారదు. తర్వాత మూడు పిన్నుల బైండింగ్, కేబుల్ బైండింగ్ వచ్చాయి. నార్వే కంపెనీ రోట్టెఫెల్లా 2007లో ఎన్‌టీఎన్ (న్యూ టెలీమార్క్ నార్మ్) అనే బైండింగ్ పద్ధతి తెచ్చింది. అప్పటిదాకా మడమ వెనక నుంచి చుట్టిన కేబుల్ పోయి, పట్టు ఇందాక చూపించిన రెండో మడమ దగ్గరికి వచ్చింది. దిగడానికి అద్భుతం. బరువు మాత్రం ఎక్కువే.

ఇంకో దారిలో, 1980లలోనే ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ ఆల్పైన్ టూరింగ్ కోసం, అంటే మడమ వదిలి కొండ ఎక్కి, బిగించి దిగడం కోసం, పిన్ బైండింగ్ తయారుచేశాడు. బూటు మొనలోని గుంటల్లో రెండు పిన్నులు దిగుతాయి, బూటు వాటి మీద తలుపు బందు మీద తిరిగినంత హాయిగా తిరుగుతుంది. ముందు ఆ పిన్నులు, కింద రెండో మడమను పట్టే స్ప్రింగ్ కొక్కెం: కొత్త తేలికపాటి డిజైన్లలో ముఖ్యమైన ఒక తరహా ఇదే. ఎక్కేటప్పుడు కొక్కెం విడిపోయి పక్కకు ఒదుగుతుంది. పిన్నులు తప్ప బూటును పట్టుకునేది ఇంకేమీ ఉండదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పిన్నులు బూటు మొన దగ్గర ఉంటాయి కాబట్టి, దిగేటప్పుడు స్ప్రింగ్ బలహీనంగా ఉంటే బూటు ముడతల దగ్గర మడవకుండా పిన్నుల మీదే తిరిగిపోతుంది. మీరు మునివేళ్ల మీద నిలబడిపోతారు, మునిపాదం కింద బరువు ఉండదు. కొక్కెం అరికాలి కింద నుంచి గట్టిగా లాగితేనే బూటు ముడతల దగ్గర వంగుతుంది. ఈ ఒక్క విషయం సరిగ్గా కుదరకపోతే ఎన్ని గ్రాములు తగ్గించినా దండగ.

ఇలాంటి బైండింగ్‌తో మొదటి సీజన్‌లో నాకు జరిగింది చెబుతాను. శిఖరం మీద స్కిన్లు ఊడదీశాను, కొక్కెం టక్‌మని పడింది, బయల్దేరాను. నాలుగో మలుపులో వెనక బూటు స్కీ నుంచి ఊడింది. మంచులో కూలబడి చూస్తే పిన్నులను పట్టి ఉంచే దవడల కింద బొటనవేలి గోరంత మంచుగడ్డ. దానివల్ల దవడలు మూసుకున్నట్టు కనిపించాయే గానీ పూర్తిగా మూసుకోలేదు. అప్పటినుంచి బూటు పెట్టేముందు స్కీ పోల్ మొనతో అక్కడ గీకుతాను. బూటు పెట్టాక మడమ నాలుగైదుసార్లు ఊపి, పిన్నులు గుంటల్లో కూర్చున్నాయని తేల్చుకుంటాను. మంచి డిజైన్ అంటే అక్కడ మంచు పేరుకోకుండా ఖాళీ వదిలేది, గ్లౌజు తీయకుండా శుభ్రం చేసుకోనిచ్చేది. డ్రాయింగ్ బల్ల మీద ఇది ఎవరికీ తట్టదు. చలిలో వేళ్లు కొంకర్లు పోతేనే తెలుస్తుంది.

బరువు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. కాలికి కట్టుకున్న బరువు, వీపున మోసే అంతే బరువు కంటే కొన్ని రెట్లు ఎక్కువ అలసట తెస్తుంది. ఇప్పటి తేలిక బైండింగ్‌లు ఒక్కోటి అర కిలో అటూ ఇటూ ఉంటున్నాయి. అంతకన్నా చెక్కేస్తే పిన్నుల మీద, స్కీలోకి దిగిన స్క్రూల మీద పడే ఒత్తిడి నన్ను భయపెడుతుంది. టెలీమార్క్ మలుపు బైండింగ్‌ను ముందుకూ పైకీ పెరుకుతుంది. పిన్ పద్ధతి మొదట ఆ లోడ్ కోసం పుట్టింది కాదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం రిలీజ్. మనిషి పడిపోయినప్పుడు ఆల్పైన్ బైండింగ్ కాలిని వదిలేస్తుంది, అది ఎంత బలానికి వదలాలో ప్రమాణాలున్నాయి. చాలా టెలీమార్క్ బైండింగ్‌లకు అలా పరీక్షించి ధ్రువీకరించిన రిలీజ్ లేదు. మడమ స్వేచ్ఛగా ఉంది కదా, మోకాలికి ఏమీ కాదనే మాట చాలాసార్లు విన్నాను. మెలి పడితే మడమ స్వేచ్ఛ మోకాలిని కాపాడదు. విరిగిపడే మంచు చరియల్లో చిక్కుకుంటే ఊడని స్కీలు లంగరులా మనిషిని లోపలికి లాగుతాయి. కొన్ని కొత్త డిజైన్లు పక్కకు రిలీజ్ ఇస్తున్నాయి. దాని కోసం వంద గ్రాములు ఎక్కువ మోయమంటే నేను సంతోషంగా మోస్తాను.

ఈ బల్ల మీద రెండు బైండింగ్‌లు పెట్టాను, ఒకటి పాత కేబుల్‌ది, ఒకటి కొత్తది. దగ్గరికి రండి. బూటు తగిలించి మడమను చేత్తో ఎత్తండి. తర్వాత కొత్తదాని కొక్కెం విడదీసి, మళ్లీ ఎత్తి చూడండి.