ఇళ్లకు మడ భూమే దొరికిందా?

(కాకినాడ–కోరింగ తీరంలో ఇళ్ల స్థలాలపై స్టూడియో చర్చ)

యాంకర్: ఇంజినీరు గారూ, తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవుల కోసం కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉంది. దాని హద్దు అవతల, ఉప్పుటేరు ఒడ్డున ఇళ్లు వేసుకుంటే మీకెందుకు అభ్యంతరం?

రిటైర్డ్ ఇంజినీరు: హద్దు రాళ్లు మనం పాతినవండీ. పోటు నీళ్లకు వాటితో పనేముంది? అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లే. బయట ఉన్న మడకూ సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనల రక్షణ ఉంది. ప్రభుత్వ భూమిలో మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే దాని చుట్టూ ఇంకో 50 మీటర్లు వదిలేయాలి.

లేఅవుట్ వ్యాపారి: అక్కడ అడవెక్కడుందండీ? నాలుగు తుప్పలు. మేం ఒక్క చెట్టు కొట్టలేదు.

మత్స్యకార సంఘం పెద్ద: ఆయ్, కొట్టలేదండి. కొట్టే పనే లేదు కదా! ముందు ఏటికి అడ్డంగా కట్ట పోశారు. పోటు లోపలికి రావడం ఆగింది. తర్వాత టిప్పర్లతో గ్రావెల్ దించారు. మడ చెట్టు వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. చెట్టు గాలి పీల్చేది వాటితోనే. వాటి మీద మట్టి కప్పేస్తే ఆకు పండిపోయి, చెట్టు నిలువునా ఎండిపోతుంది. రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగేది ఆ వేళ్ల మధ్యే. అంతా ఎండాక వచ్చి ‘అడవెక్కడుంది’ అని అడుగుతున్నారు.

వ్యాపారి: ఆ కట్ట రోడ్డు కోసం వేసిందండీ.

పెద్ద: ఏ ఊరికి? ఏట్లోకా?

(నవ్వులు)

యాంకర్: 2020లో దుమ్ములపేట దగ్గర మడ భూమిలో ఇళ్ల పట్టాల గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అయినా మళ్లీ అదే మాట. ఫోన్‌లో కాకినాడ నుంచి ఒకావిడ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: బాబూ, ఏళ్ల తరబడి అద్దె కొంపలోనే ఉంటున్నాం. చెట్లు, పీతలు అంటున్నారు, బాగానే ఉంది. మాకు మాత్రం స్థలం వద్దా?

ఇంజినీరు: వద్దని ఎవరంటారమ్మా? అక్కడ వద్దంటున్నాం. అది మెత్తటి బంకమన్ను. పైన గ్రావెల్ పోసి గోడ లేపితే కుంగుతుంది, బీటలు తీస్తుంది. గట్టి పునాది వేయాలంటే మీ లోను దానికే సరిపోదు. 1996 నవంబర్ 6 తుఫాను ఈ తీరాన్నే కొట్టింది. అలాంటిది మళ్లీ వస్తే ముందు మునిగేది మీ ఇల్లే. మీ ప్లాటు మెరక చేశారనుకోండి, ఆ నీళ్లు పక్క పేటలోకి ఎక్కుతాయి.

కాలర్: మరి ఎక్కడిస్తారు?

ఇంజినీరు: మెరక భూమి కొనివ్వాలి. ఖరీదు ఎక్కువే, కాదనను. లేదా టౌన్లోనే మూడంతస్తుల ఇళ్లు కట్టివ్వాలి. పేదవాళ్లకు చౌకగా దొరికిన పల్లం చూపించి, చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

యాంకర్: (వ్యాపారితో) మీకు సీఆర్‌జెడ్ అనుమతి ఉందా?

వ్యాపారి: ప్రాసెస్‌లో ఉందండీ.

యాంకర్: మరి అడ్వాన్సులు?

వ్యాపారి: అవి... జనం ఇష్టపడి కట్టారు.

పెద్ద: కాగితం ప్రాసెస్‌లో ఉంటే టిప్పర్లు ముందెలా వచ్చాయండి? ఆ డబ్బులు తిరిగిచ్చేయండి. కట్టకు గండి కొట్టి, పోసిన గ్రావెల్ ఎత్తేయండి. పోటు లోపలికొస్తే మడ గింజలు నీళ్లతో కొట్టుకొచ్చి వాటంతటవే నాటుకుంటాయి. అందుకు మాకు ఏ స్కీమూ అక్కర్లేదు.