పేద ప్రెసిడెంటు అనకండి

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయే మనిషి మీలో చాలామందికి ఒక ఫోటోగా తెలిసే ఉంటాడు. పాత నీలం రంగు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు, మామూలు స్వెటర్, పక్కన మూడు కాళ్ళ కుక్క. కింద ‘ప్రపంచంలోకెల్లా పేద ప్రెసిడెంటు’ అని రాసి ఉంటుంది. ఆయన పేరు హోసే ముహికా. 2010 నుంచి 2015 దాకా దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశానికి అధ్యక్షుడు. అక్కడి జనం ‘పెపే’ అని పిలుచుకున్నారు. ఆ ‘పేద’ అన్న మాటను ఆయన ఒప్పుకునేవారు కాదు. ఎంత ఉన్నా చాలనివాడే పేదవాడు, నాకు ఉన్నది చాలు అనేవారు. అది వట్టి వేదాంతం కాదు. ఆ మాట వెనక ఒక చీకటి కొట్టు ఉంది. దాని గురించి చెప్పాలనే వచ్చాను.

ముహికా 1935లో మాంటెవీడియో నగర శివార్లలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పూలు పెంచి అమ్ముకుని బతికిన ఇల్లు. 1960లలో ఉన్ని, మాంసం ఎగుమతుల మీద నడిచే ఆ దేశం అప్పటికే చితికిపోయి ఉంది. ఆయన టుపమారోస్ అనే సాయుధ దళంలో చేరారు. వాళ్ళు బ్యాంకులు దోచారు, మనుషుల్ని ఎత్తుకెళ్ళారు, చంపారు కూడా. ఆయన మీద ఎంత అభిమానం ఉన్నా ఈ సంగతి దాచకూడదు. 1970లో ఒక బార్‌లో పోలీసులు ఆయన్ని ఆరు తూటాలతో కాల్చారు. చావు అంచుదాకా వెళ్ళి బతికారు. మరుసటి ఏడు పుంటా కర్రేటాస్ జైలు కింద సొరంగం తవ్వి 111 మంది పారిపోతే, అందులో ఆయన కూడా ఉన్నారు.

1972లో మళ్ళీ దొరికిపోయారు. 1973లో సైన్యం అధికారం లాక్కుంది. దళంలోని తొమ్మిది మందిని విడిగా తీసి బందీలుగా పెట్టుకుంది. బయట మీవాళ్ళు ఏం చేసినా ఇక్కడ మీ ప్రాణాలు పోతాయి అన్నది బెదిరింపు. ఒక బ్యారక్ నుంచి ఇంకో బ్యారక్‌కు తిప్పుతూ ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉంచారు. కొన్నాళ్ళు పాడుబడ్డ నీళ్ళ తొట్టి అడుగున. ఏడేళ్ళ పాటు చదువుకోవడానికి ఒక్క పుస్తకం లేదు. తిన్నదాంట్లో మిగిలిన ముక్కలు ఎలుకలకు పెట్టేవాడినని, చీమను చెవి దగ్గర పెట్టుకుంటే అరుపు వినిపిస్తుందని తర్వాత చెప్పారు. మతి చలించే దాకా వెళ్ళిన మనిషి మాటలివి.

మూత్రపిండాల జబ్బుతో ఉన్న ఆయన్ని మరుగుదొడ్డికి కూడా సరిగ్గా వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. తల్లి లూసీ ఒక చిన్న మూత్రపాత్ర తెచ్చి ఇచ్చింది. 1985 మార్చిలో క్షమాభిక్షతో బయటికి వచ్చిన రోజు ఆ పాత్ర ఆయన చేతిలోనే ఉంది. అందులో మట్టి నింపి పూల మొక్కలు వేసుకున్నారు. పూలమ్మి బతికిన ఇంటి పిల్లాడు జైల్లో కూడా పూలే పెంచుకున్నాడు. నాకు ఆ బీటిల్ కారు కంటే ఈ పాత్రే ఎక్కువ గుర్తుంటుంది.

ఆ తర్వాత తుపాకీ జోలికి పోలేదు. ఎంపీ, సెనేటర్, వ్యవసాయ మంత్రి, చివరికి ప్రెసిడెంటు. ప్రమాణ స్వీకారం చేయించింది ఆయన భార్య లూసియా టోపొలాన్‌స్కీ. ఎక్కువ ఓట్లు వచ్చిన సెనేటర్‌గా ఆ బాధ్యత ఆమెకు దక్కింది. ఆమె కూడా అదే దళంలో పనిచేసి, అన్నేళ్ళూ జైల్లో గడిపిన మనిషే. అధికార భవనానికి వెళ్ళకుండా ఇద్దరూ పొలంలోని రేకుల ఇంట్లోనే ఉండిపోయారు. జీతంలో దాదాపు 90 శాతం ఇచ్చేశారు.

ఆయన కాలంలో గర్భస్రావాన్ని, స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేశారు. 2013లో గంజాయి సాగు, అమ్మకాలను ప్రభుత్వ అదుపులోకి తెచ్చారు. దేశం మొత్తానికి అలా చట్టం చేయడం ప్రపంచంలో అదే మొదలు. అన్నీ గెలుపులే కావు. చదువులు బాగుచేస్తానన్న మాట నిలబెట్టుకోలేకపోయారు. ముసలి సైనికాధికారుల్ని జైల్లో పెట్టడం మీద ఆయనకు పట్టింపు లేదు. సైనిక పాలనలో మాయమైన తమవాళ్ళు ఏమయ్యారో ఇప్పటికీ తెలియని కుటుంబాలు ఆ మెతకదనాన్ని క్షమించలేదు. వాళ్ళ కోపం న్యాయమైనదనే నేను అనుకుంటాను.

ఆయన పదే పదే చెప్పిన మాట ఒకటుంది. మనం ఏదైనా కొన్నప్పుడు చెల్లించేది డబ్బు కాదట, ఆ డబ్బు సంపాదించడానికి ఖర్చుపెట్టిన మన ఆయుష్షట. ఇదే మాట వేరేవాళ్ళు చెబితే విని ఊరుకుంటాం. తన ఆయుష్షులో పదమూడేళ్ళు జైలు గుంజేసుకున్న మనిషి చెబితే అది లెక్క. అందుకే పెద్ద ఇల్లు, నౌకర్లు, కాన్వాయ్ వద్దన్నారు. అవన్నీ ఆయన కాలాన్ని తినేవి. పూల మొక్కలకు, ట్రాక్టర్‌కు, మాన్యుయెలా అనే ఆ కుక్కకు కాలం కావాలి.

2020 అక్టోబరు 20న సెనేట్‌కు రాజీనామా చేశారు. అదే రోజు మాజీ అధ్యక్షుడు, పాత ప్రత్యర్థి హులియో మరియా సంగినేటి కూడా రాజీనామా ఇచ్చారు. నిండు సభలో ఇద్దరు ముసలివాళ్ళూ కౌగిలించుకున్నారు. నా తోటలో ఎన్నో ఏళ్ళుగా ద్వేషం అనే మొక్క వేయలేదని ఆ రోజు చెప్పారు.

2024లో అన్నవాహికలో క్యాన్సర్ బయటపడింది. మరుసటి ఏడు జనవరిలో అది కాలేయానికి పాకిందని ఆయనే చెప్పి, ఇంక వైద్యం వద్దు, ఇంటర్వ్యూలు వద్దు, నన్ను వదిలేయండి అన్నారు. 2025 మే 13న, 90 నిండడానికి వారం ముందు, అదే పొలంలో కన్నుమూశారు. ఆ ఇంటి దగ్గర సెక్వోయా చెట్టు కింద మాన్యుయెలాను పాతిపెట్టారు. తననూ దాని పక్కనే ఉంచమని ముందే చెప్పి పెట్టుకున్నారు.