న్యూజెర్సీ పెరటి కోసం గుంటూరు నుంచి ఫోన్

యాంకర్: తర్వాతి కాల్ గుంటూరు బ్రాడీపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. పోయినసారి వెళ్లినప్పుడు పెరట్లో చిక్కుడు పాదు పెట్టాను, రెండు గులాబీలు నాటాను. ఒక్క రాత్రిలో జింకలొచ్చి మొగ్గలతో సహా మేసి పోయాయి. పొద్దున్నే చూసి ఏడుపొచ్చిందండీ. ఇప్పుడు అమ్మాయి కాన్పుకి నవంబరులో వెళ్తున్నాను, ఆరు నెలలుంటాను. జింకలు ముట్టనివి, తేనెటీగలు వాలేవి, ఏటా మళ్లీ నాటక్కర్లేని పూలు గింజలేసి పెంచొచ్చా? ఇక్కడి నుంచి బంతి గింజలు కూడా పట్టుకెళ్దామనుకుంటున్నాను.

నిపుణురాలు: గింజలు మాత్రం పట్టుకెళ్లొద్దమ్మా. అమెరికాలోకి విత్తనాలు తీసుకెళ్లాలంటే పర్మిట్లు, సర్టిఫికెట్లు కావాలి. లేకపోతే ఎయిర్‌పోర్టులో టెన్షన్. బంతి ఏటా వేసుకోవాల్సిందే కూడా. అక్కడి తేనెటీగలకి అక్కడి మొక్కలే మేలు, అక్కడే కొనండి.

శ్రోత: ఏవి కొనమంటారు?

నిపుణురాలు: మూడు చాలు. బీ బామ్, మౌంటెన్ మింట్, స్వాంప్ మిల్క్‌వీడ్. బీ బామ్ ఆకు నలిపితే మన వాము గుర్తొస్తుంది, రెండింట్లోనూ థైమాల్ ఉంటుంది. మౌంటెన్ మింట్‌ది పుదీనా వాసన. ఆ ఘాటు జింకలకి పడదు. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి చుట్టం, తుంచితే పాలు కారతాయి. జిల్లేడు మీద మనకి నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టినట్టే, అక్కడ మొనార్క్ సీతాకోకచిలుక మిల్క్‌వీడ్ మీదే పెడుతుంది. దాని గొంగళిపురుగులకి వేరే తిండి లేదు. ఆకులు కొరికేశాయని మందు కొట్టకండి, అంత మంచి పని చెడిపోతుంది.

శ్రోత: పాలు కళ్లలో పడితే ప్రమాదమేనా?

నిపుణురాలు: జిల్లేడుతో ఉన్నంత జాగ్రత్తా ఉండాలి. చేతులు కడుక్కోకుండా పసిబిడ్డని ఎత్తుకోవద్దు.

యాంకర్: నవంబరంటే అక్కడ చలి కదా మేడమ్, గింజలు మొలుస్తాయా?

నిపుణురాలు: ఆ చలే కావాలండీ. మిల్క్‌వీడ్ గింజ తడిలో, చలిలో ఒక నెలైనా ఉంటే బాగా మొలుస్తుంది. అమ్మా, అక్కడ పెద్ద ప్లాస్టిక్ పాల క్యాన్లు వస్తాయి, పారేయకండి. అడుగున చిల్లులు పెట్టి, నడుముకి కోసి, ఒక పక్క కొంచెం వదిలేయండి, మూతలా తెరుచుకుంటుంది. నాలుగంగుళాలు మట్టి పోసి గింజలు చల్లండి. మిల్క్‌వీడ్‌పై పావు అంగుళం మట్టి చాలు. మిగతా రెండూ నలుసంత గింజలు, పైన అద్ది వదిలేయండి. కోసిన చోట టేపు వేసి, బిరడా తీసేసి, డిసెంబరులో బయట పెట్టండి. వానా, మంచూ అన్నీ పడనివ్వండి. చలి తగ్గి ఎండ కాస్త వెచ్చబడ్డాక అవే మొలుస్తాయి.

శ్రోత: అయితే నేను వచ్చేలోపు నాటేయొచ్చు.

నిపుణురాలు: మంచు పడటం ఆగాక, మే మొదట్లో నాటండి. మొదటి ఏడు వల కప్పమని అల్లుడుగారికి చెప్పండి. లేతమొక్కని జింక రుచి చూడకుండా ఉండదు. ఆకలేస్తే ముదురుదీ కొరుకుతుంది, అస్సలు తినదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

శ్రోత: పూలు మరి?

నిపుణురాలు: ఆ ఏడు ఎక్కువగా వేళ్లే పెరుగుతాయమ్మా. పూలు రెండో వేసవికి, జూలైలో.

శ్రోత: అప్పటికి మనవడో మనవరాలో నడుస్తుంటారండీ. వీడియోకాల్‌లో చూపించమంటాను.