రాలిన ఆకులోని కార్బన్ ఎక్కడికి పోతుంది?

[దృశ్యం: ఫిబ్రవరి నెల, ఏటూరునాగారం అడవి. మోడువారిన టేకు చెట్లు, నేలంతా ఎండుటాకు.]

వ్యాఖ్యాత: ములుగు జిల్లా ఏటూరునాగారం అభయారణ్యంలో ఫిబ్రవరి నాటికి టేకు చెట్లు ఆకంతా రాల్చేస్తాయి. ఇంత ఆకు పరుచుకున్న అడవి కార్బన్‌ను కూడా అంతే ఎక్కువగా దాచుకుంటుందని అనిపించడం సహజమే గానీ, రాలే ఆకు బరువుకూ నేలలో నిలిచే కార్బన్‌కూ నేరుగా లంకె లేదు.

ఆ బరువును లెక్కగట్టడానికి చెట్ల కింద, నేలకు తాకకుండా, వైశాల్యం తెలిసిన వలలు కట్టి, వాటిలో పడిన ఆకులు, పుల్లలు, పూలు, కాయలను పదిహేను రోజులకో నెలకో ఒకసారి సేకరించి, పూర్తిగా ఆరబెట్టి తూకం వేస్తారు. ఎండిన బరువులో సుమారు సగం కార్బనే.

[దృశ్యం: దగ్గరగా. ఒక చేయి ఆకుల పొరను మెల్లగా తొలగిస్తుంది.]

వ్యాఖ్యాత: పైన ఉన్నది ఈ ఏటి టేకాకు; జానెడుకు మించిన పొడవు, గరుకు, ముట్టుకుంటే పెళపెళలాడుతుంది. దాని కింద నిరుటి ఆకులో మెత్తని భాగమంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలాయి. ఇంకా కిందికి పోతే చెదలు కట్టిన మట్టి, దాని కింద నల్లని నేల. ఎండాకాలమంతా తేమ లేక దాదాపు కదలకుండా పడి ఉండే ఈ ఆకు, తొలకరి పడగానే బూజులకూ బాక్టీరియాకూ ఆహారమై వేగంగా కుళ్ళుతుంది. అప్పుడు అందులోని కార్బన్‌లో అధికభాగం కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసిపోగా, కొద్దిపాటి భాగం మాత్రం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నిలుస్తుంది. లెక్కలోకి రావలసింది ఆ కొద్దిపాటిదే.

పశ్చిమ కనుమల సతతహరిత అడవుల్లో ఏడాది పొడవునా ఆకు రాలుతుంది, వేడికీ తడికీ త్వరగానే కుళ్ళిపోతుంది. కెనడా, రష్యాల్లోని పైన్ వంటి శంఖాకార చెట్ల అడవుల్లో రాలేది తక్కువే అయినా, చలికి కుళ్ళడం చాలా నిదానం కాబట్టి అది పేరుకుంటూ పోతుంది. ప్రపంచ అడవులపై 2011లో వెలువడిన అంచనా ప్రకారం, ఉష్ణమండల అడవుల కార్బన్‌లో 56 శాతం సజీవమైన చెట్లలోనూ 32 శాతం మట్టిలోనూ ఉండగా, ఆ ఉత్తరాది అడవుల్లో చెట్లలో 20 శాతమే ఉండి, 60 శాతం మట్టిలో ఉంది.

[దృశ్యం: కాలిన నేల, బూడిద, మాడిన మొలకలు.]

వ్యాఖ్యాత: మన అడవుల్లో వానకంటే ముందే నిప్పు వస్తుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని, తునికాకు బాగా చిగురిస్తుందని కొన్నిచోట్ల ఎండుటాకుకు అగ్గి పెడతారు. ఆకు కాలితే కార్బన్ పోతుందన్న మాట నిజమే గానీ, అందులో ఎక్కువ భాగం వానాకాలంలో ఎలాగూ పోవలసిందే. అసలు నష్టం మట్టికి చేరవలసిన భాగమూ నత్రజనీ పోవడం, అంతకుమించి రేపటి చెట్లు కావలసిన మొలకలు మాడిపోవడం. ఏటేటా కాలే చోట ముసలి చెట్టు పడిపోతే దాని స్థానంలో ఎదిగే పిల్ల చెట్టు ఉండదు; మన అడవి చెట్లలో ఉన్న కార్బన్‌లో పెద్ద వాటా ఉండేది వాటి కాండాల్లోనే.