ఎత్తు కొలిచాం సరే, మాటలు ఎన్ని వచ్చాయి?

(తిరుపతిలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుంచి)

సమన్వయకర్త: నమస్కారం. పిల్లల ఆరోగ్యం అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ‘తిన్నాడా?’ అనేదే. ఆ తిండి ఒంటికి పట్టిందా, ఒంటితోపాటు మనసూ బుద్ధీ ఎదుగుతున్నాయా అన్నవి వేర్వేరు ప్రశ్నలు కావని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నా, ఆ మాట మన గడప దాకా ఇంకా సరిగా రాలేదని నా అభిప్రాయం. ఈ రోజు మనతో ఒక శిశువైద్య నిపుణురాలు, పిల్లల మనోవైద్య నిపుణుడు, చంద్రగిరి మండలంలో పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్త ఉన్నారు. డాక్టరమ్మ గారూ, ముందు మన రాష్ట్రం పరిస్థితి చెప్పండి.

శిశువైద్య నిపుణురాలు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగినంత ఎత్తు ఎదగలేదు. ఆరు నెలలు నిండినవారి నుంచి అయిదేళ్లలోపు వారి వరకు చూస్తే 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండో అంకె. రక్తం తక్కువైతే బిడ్డ పాలిపోతుందని, నీరసపడుతుందని అందరికీ తెలుసు కానీ, మెదడులోని నాడీతంతువుల చుట్టూ పొర ఏర్పడడానికీ, శ్రద్ధకూ ఉత్సాహానికీ తోడ్పడే డోపమైన్ వంటి రసాయనాలు తయారవడానికీ ఇనుము కావాలని చాలామందికి తెలియదు.

సమన్వయకర్త: తరువాత మందు వేస్తే ఆ లోటు పూడదా?

శిశువైద్య నిపుణురాలు: రక్తంలో లోటు పూడుతుంది. మెదడు సంగతి అంత సులువు కాదు. కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ అనే పరిశోధకురాలి బృందం, పసితనంలో తీవ్రమైన ఇనుము లోపం ఉన్న పిల్లలకు చికిత్స చేసి, వారిని 19 ఏళ్ల వయసు వరకు గమనించింది. పేద కుటుంబాల్లో, ఆ లోపం ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ మధ్య మానసిక వికాస పరీక్షల్లో మొదట పది పాయింట్ల తేడా ఉండగా, 19 ఏళ్లు వచ్చేసరికి అది ఇరవై అయిదుకు పెరిగింది. కాస్త కలిగిన కుటుంబాల్లో తేడా అలాగే నిలిచింది గానీ పెరగలేదు. అందుకే లోపం వచ్చాక దిద్దడం కంటే రాకుండా చూడడం ముఖ్యం.

సమన్వయకర్త: అమ్మా, మీరు ఊళ్లో ఏం చూస్తున్నారు?

అంగన్‌వాడీ కార్యకర్త: రక్తహీనత రాకుండా ఆరు నెలలు నిండిన, అయిదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ వేయాలి సార్. మొన్న ఒకమ్మ ఇంటికి వెళ్తే సీసా అటక మీద ఉంది. మూత మీద దుమ్ము పేరుకుంది, లోపల మందు నిండుగానే ఉంది. ఎందుకు వేయలేదమ్మా అంటే, బిడ్డకు విరేచనం నల్లగా వచ్చిందని భయపడి మానేశానంది. ఐరన్ వేస్తే అలా నల్లగా రావడం మామూలేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా సీసా ఇచ్చిన రోజు చెప్పలేదు. అప్పటి నుంచి సీసాతో పాటు ఆ మాటా చేతిలో పెడుతున్నాను.

శిశువైద్య నిపుణురాలు: ఇది చాలా విలువైన మాట. తిండి గురించీ ఒక మాట చెబుతాను. మన రాగి సంగటిలో సున్నం, అంటే కాల్షియం, సమృద్ధిగా ఉంటుంది కానీ, అందులోని ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు. పక్కన ఆకుకూర పప్పు ఉండి, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పడితే ఇనుము మరింత బాగా పడుతుంది. మూడేళ్ల బిడ్డకు బన్నుతో టీ ఇచ్చే అలవాటు మాత్రం మానాలి, ఎందుకంటే తిండితో పాటు తాగిన టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు.

సమన్వయకర్త: మనోవైద్యులు గారూ, తిండీ మందూ సక్రమంగా అందితే మెదడు ఎదుగుదల చాలావరకు భద్రమేనా?

మనోవైద్య నిపుణుడు: సరిపోదండీ. దీనికి జమైకాలో శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ అనే పరిశోధకురాలు 1986లో మొదలుపెట్టిన అధ్యయనం కంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు. కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల నుంచి, తొమ్మిది నెలలకూ రెండేళ్లకూ మధ్య వయసుండి ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను తీసుకుని, కొందరికి అదనపు పోషకాహారం, కొందరికి ఆటపాటలు, కొందరికి రెండూ అందించారు. ఆటపాటలంటే ఖరీదైనవేమీ కావు. ఆరోగ్య కార్యకర్త ఒకరు వారానికి ఒకసారి, ఒక గంటసేపు, రెండేళ్లపాటు ఇంటికి వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, బిడ్డతో ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేవారు. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే ఆ ఆటపాటలు అందిన పిల్లల సంపాదన, అందని వారికంటే 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో ప్రచురించారు. ఆహారం ఒక్కటే అందిన పిల్లల్లో అంతకాలం నిలిచిన ప్రయోజనం కనిపించలేదు. దీన్నిబట్టి తిండి అక్కరలేదని అనుకోకూడదు. తిండి పెట్టే చేతులే బిడ్డతో మాట్లాడాలని నేను అర్థం చేసుకుంటాను.

అంగన్‌వాడీ కార్యకర్త: మా ఊళ్లో ఒక అవ్వ ఉంది సార్. సాయంత్రం పూట అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తూ, రెండేళ్ల మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘ఇది పెద్దది, ఇది చిన్నది, ఇందులో రెండు గింజలు, ఇందులో మూడు’ అని చెబుతూనే ఉంటుంది. ఆ పాప పొట్టును ఒక పక్కకీ గింజలను ఇంకో పక్కకీ వేస్తుంది. మీరు చెప్పేది ఇదేనా?

మనోవైద్య నిపుణుడు: అచ్చంగా ఇదే. ఆ పాప ఆ అరుగు మీద లెక్కా, వేళ్ల పనీ, మాటా, తనవారి ఓపికా ఒక్కసారే నేర్చుకుంటోంది. అదే పాప చేతికి ఫోను ఇస్తే మాటలు వినిపిస్తాయి కానీ, తను ఒక మాట అంటే తిరిగి బదులిచ్చేవారు ఉండరు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

సమన్వయకర్త: తిరుపతి హాస్టళ్లలో చదువుకునే పెద్ద పిల్లల గురించి కూడా ఒక్క మాట.

మనోవైద్య నిపుణుడు: పెద్దయ్యాక కనిపించే మానసిక సమస్యల్లో సుమారు సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయి. పదమూడు దాటిన పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామున స్టడీ అవర్ పెట్టేవారు ముందు రోజు రాత్రి దీపాలు ఎప్పుడు ఆర్పుతున్నారో తల్లిదండ్రులు తప్పకుండా అడగాలి.

అంగన్‌వాడీ కార్యకర్త: నాకు ఒక సందేహం సార్. మేము నెలనెలా బరువు, ఎత్తు తీస్తాం. పాప భయపడి మునివేళ్ల మీద లేస్తే మడమలు పలకకు ఆనేదాకా మళ్లీ మళ్లీ నిలబెడతాం, ఎందుకంటే ఒక్క సెంటీమీటరుతో లెక్క మారిపోతుంది. ఇంత శ్రద్ధగా కొలిచేది మాటలకు, ఆటకు లేదు కదా?

శిశువైద్య నిపుణురాలు: ఉందమ్మా. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలను ఎలా ఆడించాలో చెప్పే ‘నవచేతన’ అనే మార్గదర్శినిని కూడా 2024లో కేంద్రం విడుదల చేసింది. ఆ కార్డులో మీరు ఎక్కువగా తెరిచేది ఏ పేజీ?

అంగన్‌వాడీ కార్యకర్త: బరువు గీత ఉన్న పేజీ. టీకాల పేజీ. ఆ బొమ్మల పేజీ మా ఊళ్లో చాలా కార్డుల్లో మడత కూడా పడలేదు మేడం. వచ్చే నెల తూకం వేసే రోజున ముందు ఆ పేజీయే తెరిచి, బిడ్డ ఏమేం మాటలు అంటోందో తల్లిని అడిగి, ఆ తరువాతే త్రాసు మీద పెడతాను.